నీలం అంచు పళ్ళెం

"ఖాలా పోయింది మే" అని అమ్మ ఫోన్లో చెప్పినప్పుడు నేను కడపలో, హాస్టల్ మెస్‌లో, ఒక చేత్తో నోట్సు తిప్పుతూ ఇంకో చేత్తో ఇడ్లీ తింటున్నాను. పొద్దున నమాజు చేసుకుని, టీ పెట్టుకోవడానికి వంటింట్లోకి వెళ్ళి, స్టవ్ దగ్గర నిలబడినామె నిలబడినట్టే ఒరిగిపోయిందట. డాక్టరును పిలుచుకొచ్చేలోపే అంతా అయిపోయింది.

ఆ రోజు నాకు ఇంటర్నల్ పరీక్ష. అది రాసి బయల్దేరాను. రాయకపోయినా ఏమీ అయ్యేది కాదు. మా మేడంతో ఒక్క మాట చెప్పి ఉంటే ఇంకో రోజు పెట్టేవారు. ఆ ఆలోచన నాకు బస్సు గువ్వలచెరువు దాటుతుండగా వచ్చింది. అక్కడ కిటికీ దగ్గరికి కోవా అమ్మేవాళ్ళు వస్తారు. ఇంటికి వెళ్ళిన ప్రతిసారీ ఖాలాకు ఒక పొట్లం కొనేదాన్ని. ఆ రోజు కూడా కొనేశాను. కొన్నాక, పొట్లం ఒళ్ళో పెట్టుకున్నాక, గుర్తొచ్చింది.

రాయచోటిలో దిగేసరికి మూడు. జనాజా అప్పటికే లేచి శ్మశానానికి వెళ్ళిపోయింది. మా వీధిలో షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలు వరసగా ఉన్నాయి, అన్నీ ఖాళీగా.

ఖాలా అంటే పిన్ని. అలా పిలుస్తాను గానీ ఆమె మాకు చుట్టం కాదు. మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఒక ఇరుకు సందే. నాన్న కిరాణా అంగడి ముందువైపు, మా వంటిల్లు వెనకవైపు. మా వంటింటి కిటికీ తెరిస్తే ఆమె వంటింటి కిటికీ. నేను పుట్టిన ఏడు ఆమె ఇళ్ళల్లో వంట చేయడానికి కువైట్ పోయింది. నేను తొమ్మిదో తరగతికి వచ్చిన ఏడు తిరిగొచ్చింది. అందుకని మా పరిచయం ఆరేళ్ళదే. ఆ ఆరేళ్ళలో ఆమె కూర్చుని అన్నం తినగా నేను చూడలేదు. వంటగట్టు దగ్గర నిలబడి, పళ్ళెం ఎడమ చేతిలో పట్టుకుని, వీధి వైపు ఒక చెవి పెట్టి, అయిదు నిమిషాల్లో ముగించేది. కూర్చో ఖాలా అంటే, "కూసుంటే ఎవురో ఒగరు పిలుస్తారు మే. మళ్ళ లేయల్ల. ఆ లేసే పని లేకుండా ఇట్లే తింటా" అనేది. నన్ను మాత్రం నిలబడి తిననిచ్చేది కాదు. "ఆరాంగా తిను. బువ్వ యాడికీ పోదు."

నేను డిగ్రీలో తెలుగు తీసుకున్నప్పుడు మా వీధిలో సంతోషించిన మనిషి ఆమె ఒక్కతే. నా నోటు పుస్తకాన్ని "నీ దఫ్తరం" అనేది. ఉల్లిపాయలు కోస్తూ నేను రాసినవి చదివించుకునేది. ఒకసారి నేను ఏదో పండుగ భోజనం గురించి రాసి, 'కూర ఎంతో బాగుంది' అని చదివాను. ఆమె కత్తి ఆపింది.

"బాగుండాది అంటే నాకేం తెలుస్తాది? పులుపా, కారమా? నాలిక కొసన తగిలిందా, గొంతు కాడ తగిలిందా? అది చెప్పు. బాగుండాదో లేదో నేను చెప్తా."

రాయడం గురించి కాలేజీలో నేర్చుకున్నది ఉంది. ఆ రోజు ఆ ఉల్లిపాయల దగ్గర నేర్చుకున్నది అంతకంటే ఎక్కువ. అప్పటినుంచి తిన్న ప్రతిదాన్నీ పుస్తకంలో రాసుకోవడం నాకొక పిచ్చి అయింది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

పోయిన దసరా సెలవుల్లో నేనొక వ్యాసాన్ని తెలుగులోకి తేవాలని కూర్చున్నాను. ఫ్రాన్సు పల్లెల్లో ఒక రోజంతా నిదానంగా తిరుగుతూ, తింటూ గడపడం ఎలాగో చెప్పే ఇంగ్లీషు వ్యాసం. పొద్దున ఒక ఊరి సంత, మధ్యాహ్నం ఇంకో ఊళ్ళో భోజనం, సాయంత్రానికి ఇల్లు. మూడో వాక్యం దగ్గరే ఆగిపోయాను. రొట్టెల పేర్లు, జున్నుగడ్డల పేర్లు, ఏదీ నేను చూసింది కాదు. అప్పుడు గుర్తొచ్చింది, ఖాలా కువైట్లో చివరి నాలుగేళ్ళు పనిచేసింది ఒక ఫ్రెంచి కుటుంబం దగ్గర అని. ఎండాకాలం సెలవులకు ఆమెను రెండుసార్లు వాళ్ళ ఊరికి కూడా తీసుకుపోయారు.

"ఖాలా, నువ్వు ఫ్రాన్సు చూసినావు కదా?"

"చూసినా. కారు అద్దంలో నుంచి కొంత, వంటింటి కిటికీలో నుంచి కొంత."

"ఎట్లుంటాది?"

"ఏముంటాది మే. ఎండ, రాళ్ళు, బోడి కొండలు, గొర్రెలు. మొదటి దినం చూసి, యా అల్లా, ఇంత దూరం విమానంలో తెచ్చి మళ్ళ రాయచోటిలోనే దించినారే అనుకున్యా."

నేను నవ్వుతుంటే ఆమె ఉల్లిపాయలు పక్కకు నెట్టి చెప్పడం మొదలుపెట్టింది. వాళ్ళ ఊరి సంతలో మేకపాల జున్నుగడ్డలు అమ్మే ఒక ముసలాయన ఉండేవాడట. "మన అంగడోళ్ళు ఎంత కావాల అంటారు. మీ నాయన గుడక అంతే కదా. ఆయప్ప అది అడగడు. ఎప్పుడు తింటారు అంటాడు. ఈ మధ్యాన్నమా, రేపు రాత్రికా? మనం చెప్పినాక, బొటనేలితో ఒక్కోదాన్నీ ఒత్తి, ఆ పొద్దుకి సరిగ్గా వచ్చేదాన్ని ఏరి ఇస్తాడు."

మధ్యాహ్నం చెట్టు కింద పొడుగాటి బల్ల వేసేవాళ్ళట. అన్నీ ఒకేసారి పెట్టరు. ఒకటి తిన్నాక ఇంకొకటి. నడుమ మాటలు. పన్నెండున్నరకు కూర్చుంటే మూడున్నర.

"మూడు గంటలసేపు ఏం మాట్లాడుకుంటారు ఖాలా?"

"తింటాండేదాన్ని గురించే! పోయినేడు తిన్నదాన్ని గురించి, వచ్చే ఆదివారం తినబోయేదాన్ని గురించి. నాకు బాస రాకపోయినా అంతమాత్రం తెలిసేది."

ఆ మూడు గంటలూ ఆమె వంటింటికీ బల్లకీ మధ్య నడిచేది. రెండో ఏడు ఒకరోజు ఆ ఇంటి మేడం లేచి, ఒక కుర్చీ లాగి, ఖాలా చెయ్యి పట్టుకుని కూర్చోమందట. ముందర తెల్లటి పింగాణీ పళ్ళెం పెట్టింది, నీలం అంచుది.

"నాకు సిగ్గయింది. లోపల పాలు పొంగుతాండాయని చెప్పి లేసొచ్చినా. పొయ్యి మీద పాలే లేవు." ఉల్లిపాయలు మళ్ళీ దగ్గరికి లాక్కుని, "కూసోనుంటే పోయేది. ఏమయ్యేదిలే" అంది.

ఆ కుటుంబం కువైట్ వదిలి వెళ్ళేటప్పుడు మేడం ఆ పళ్ళెం ఆమెకే ఇచ్చింది. అది ఖాలా ఇంట్లో అద్దాల బీరువాలో నిలబెట్టి ఉండేది. దాంట్లో ఎప్పుడూ ఎవరూ తినలేదు.

ఆ సెలవులంతా మేమిద్దరం ఫ్రాన్సు ప్రయాణం వేసుకున్నాం, ఉత్తుత్తిగానే. ఫోన్లో పటం తెరిచి నేను ఊళ్ళు వెతికేదాన్ని. ఆమె ఏ సంతలో ఏం తినాలో చెప్పేది. "నాకు పాసుపోర్టు ఉండాది. నీకే లేదు. నిన్ను ఈడనే వదిలి పోతా" అని ఏడిపించేది. ఒక సాయంత్రం ఉన్నట్టుండి, "ఈ దినాన్ని ఈడనే చేద్దామా మే?" అంది. రాళ్ళు ఇక్కడా ఉన్నాయి, ఎండ ఉంది, తోటలున్నాయి. రాయచోటి నుంచి గండికోట దాకా, పొద్దున్నుంచి పొద్దుగుంకేదాకా. మంచి చలికాలం చూసుకుని.

నేను ఆ రాత్రే ప్లాను రాసేశాను. ఆరున్నరకు బయల్దేరడం, ఎనిమిదీ పదికి టిఫిను, తొమ్మిదీ నలభైకి తోట, ఇలా పదకొండు చోట్లు. ఆమె చదివించుకుని విని, "ఇది తిండి కోసరం పోయే దినమా, బస్టాండులో బోర్డా?" అంది. నా చేతే టైములన్నీ కొట్టేయించింది. పదకొండులో నాలుగు మిగిల్చింది: పొద్దున దోసె, తర్వాత చీనీ (బత్తాయి) తోట, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం గండికోట. భోజనం మాత్రం హోటల్లో వద్దంది. ఎవరి ఇంట్లోనైనా, వాళ్ళు వాళ్ళకోసం వండుకునేదే కావాలంది. జమ్మలమడుగుకు ఈవల, పెన్న ఒడ్డున ఒక పల్లెలో అమ్మకు దూరపు చుట్టం ఒక అవ్వ ఉంది. అమ్మ ఫోను చేస్తే, "వచ్చేటోళ్ళకు పితికిపప్పు తినే ఓపిక ఉండాదా?" అని అడిగిందట ఆమె.

తర్వాత ఖాలా ఒక మాట చెప్పింది. మామూలుగా చెప్పలేదు, నా చేతిలో పెన్ను తీసి పక్కన పెట్టి చెప్పింది.

"ఇట్ల చూడు. పదునాలుగేండ్లు నిలబడుకోని పెట్టినా. ఆ దినం నేను కూసోవాల. ఎవురో పెట్టాల, నేను ఆరాంగా తినాల, నా పళ్ళెంలో. కానీ నా కాళ్ళు నా మాట వినవు, అలవాటైపోయినాయి. నేను లేసినానంటే నా కొంగు పట్టుకోని లాగి కూసోబెట్టల్ల నువ్వు. కూసోబెడతావా?"

"కూసోబెడతా ఖాలా. నువ్వు లేయవు, చూడు."

జనవరి చివర్లో ఒక ఆదివారం బయల్దేరాం. అమ్మ, ఖాలా, నేను, మా వీధిలోనే ఉండే డ్రైవరన్న. తెల్లవారుజామున నేను పిలవడానికి వెళ్ళేసరికి ఆమె బీరువాలో పళ్ళెం తీసి ఎర్రగళ్ళ తువ్వాలులో కడుతోంది. ముడి వేసి, ఒక కొసను పళ్ళతో పట్టి గట్టిగా లాగి, రెండు కొసలూ లోపలికి దోపింది. "ఎన్ని గుంతలు పడినా కదలదు" అంది. దారి పొడుగునా ఆ మూట ఆమె ఒళ్ళోనే.

వేంపల్లె దాటాక రోడ్డు పక్క కాకా హోటల్లో ఎర్రకారం దోసెలు తిన్నాం. అక్కడ బెంచీలు నిండిపోయి ఉంటే అందరం నిలబడే తిన్నాం. మూట చంకలో పెట్టుకునే తింది ఖాలా. "ఇది లెక్కలేదు. భోజనంతోనే మొదులు" అని నవ్వింది. తర్వాత చీనీ తోట. వరసలు వరసలుగా చెట్లు చూసి, "ఆడ ద్రాక్ష తోటలు ఇట్లే ఉంటాయి, దువ్వెనతో దువ్వినట్ల" అంది. తోట ఆయన కాయలు కోసివ్వబోతే బొటనవేలితో ఒక్కోదాన్నీ ఒత్తి చూసి, "ఇది ఇప్పుడికి, ఇది రేపటికి" అని రెండు కుప్పలు చేసింది. ఆయన డ్రైవరన్న వైపు తిరిగి, "ఏమప్పా, ఈయమ్మ ఏమన్నా డాక్టరా?" అన్నాడు.

అవ్వ ఇల్లు చేరేసరికి ఒంటిగంట. వసారాలో చాప పరిచి, ఆకులు వేసి ఉన్నాయి. అవ్వ లోపల కట్టెల పొయ్యి ముందు జొన్నరొట్టెలు తడుతోంది. ఆమె కొడుకు మాకు పితికిపప్పు గురించి చెప్పాడు. అనపగింజలు రాత్రి నానబెట్టి, పొద్దున ఒక్కో గింజనూ వేళ్ళ మధ్య పట్టి పితికితే పొట్టు ఊడి పప్పు బయటికి దూకుతుంది. అలా మా నలుగురి కోసం అవ్వ ఎంతసేపు కూర్చుందో! నేను పుస్తకం తెరిచాను. ఆ రోజు రాసినవి ఎనిమిది పేజీలున్నాయి. కూర మెత్తగా, కొంచెం పచ్చివాసనతో, కారం ఆఖరున గొంతు దగ్గర తగిలిందని రాశాను. రొట్టె పెనం మీద ఎలా పొంగుతుందో, పొంగినప్పుడు వచ్చే ఆవిరి ఎలాంటి వాసన వేస్తుందో, పొయ్యి దగ్గరికి పోకుండానే, ఖాలా వేడివేడిగా తెచ్చి నా ఆకులో వేసిన రొట్టెను చూసి రాశాను. వెన్న గురించి అరపేజీ. చెనిక్కాయల పచ్చడిని వాళ్ళు ఊరిమిండి అంటారని, అది రోట్లో రుబ్బినది గనుక పలుకులు పంటికి తగులుతాయని.

రెండున్నరకు నేనే తొందర పెట్టాను. కోటలో ధాన్యాగారం చూడాలి, ఖాలాకు పాత మసీదు చూపించాలి, ఆరు లోపల లోయ అంచుకు చేరాలి. ఆమె కొట్టేయించిన టైములన్నీ నా తలలో అట్లాగే ఉన్నాయి. "పోదాం ఖాలా, పొద్దు పోతాంది" అన్నాను. ఆమె లోపలినుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. చేతిలో ఒక రొట్టె, మధ్యలో కూర పెట్టి చుట్టినది. కారులో అది తింటూ కూర్చుంది. నేను పుస్తకంలో ఒక వాక్యం రాశాను. ఆ వాక్యం దగ్గరికి మళ్ళీ వస్తాను.

గండికోటలో ఆమె మసీదు మెట్ల మీద కొంచెంసేపు, లోయ అంచున బండ మీద కొంచెంసేపు కూర్చుంది. కింద పెన్న సన్నగా మెరుస్తోంది. "ఆడ కూడా ఇట్లే ఒగ ఏరు ఉండాది రాళ్ళ నడమ. కారు నిలపలేదు" అంది. మూట ఒళ్ళో ఉంది.

"పళ్ళెం కడిగినావా ఖాలా?" అని అడిగాను, ఫోటో తీస్తూ.

"కడిగేపనే లేదు మే. శుభ్రంగానే ఉండాది."

నేను ఇంకో ఫోటో తీశాను.

ఖాలా పోయిన మూడో రోజు, ఫాతిహా ప్రార్థనలు అయ్యాక, ఆమె కూతురు నన్ను లోపలికి పిలిచింది. ఆమెను నేను ఆపా అంటాను. "మీరు గండికోటకి పోయిన దినం గురించి అమ్మ ఎన్నితూర్లు చెప్పిందో నీకు తెలీదు. రెండు గంటలు కూసోని తిన్యా, ఆ పిల్ల నన్ను లేయనిస్తే గదా, కొంగు పట్టుకోని కూసోబెట్టింది అనేది" అంది. నాకు ఏడుపులోనే ఒక సంతోషం కలిగింది. "అవునాపా" అన్నాను. నిజంగా అవుననే అనుకున్నాను. ఏ క్షణాన కొంగు పట్టుకున్నానో గుర్తు రాలేదు, అంతే. ఆపా బీరువా పైనుంచి ఎర్రగళ్ళ మూట దించింది. "ఇది నీకే ఇయ్యమని అప్పుడే చెప్పింది. ఆ దినం తెచ్చి ఈడ పెట్టింది, అంతే. మళ్ళ ముడి గుడక విప్పలే."

ఇంటికి తెచ్చి నా బల్ల మీద పెట్టుకున్నాను. ఎంతసేపు చూశానో తెలియదు. కొసలు రెండూ లోపలికి దోపి ఉన్నాయి, ఆ తెల్లవారుజామున ఆమె ఎలా దోపిందో అలాగే. మడతల పైన గండికోట ఎర్రదుమ్ము. మడత లోపల మాత్రం దుమ్ము లేదు. దారిలో ఎక్కడా ఎవరూ విప్పిన ముడి కాదది.

నోటు పుస్తకం తీశాను. ఎనిమిది పేజీల్లో కూర ఉంది, రొట్టె ఉంది, వెన్న ఉంది. ఖాలా ఏం తిన్నదో ఒక్క ముక్క లేదు. ఆమె రొట్టెలు తెచ్చి వేసిందని ఉంది. గడపలోంచి చూస్తే అవ్వ పక్కన నిలబడి రొట్టెలు తిప్పుతోందని ఉంది, ఆమె చేతి ఒడుపు ఎంత బాగుందో వర్ణన కూడా ఉంది. ఎనిమిదో పేజీ చివర, కారులో రాసిన వాక్యం: 'ఖాలాకు రొట్టె ఎంత నచ్చిందో! అంత భోజనం చేశాక కూడా దారిలో తింటూనే ఉంది.'

అప్పుడు గుర్తొచ్చింది. చాప మీద ఆమె నా పక్కనే కూర్చుంది. మూట ముందర పెట్టుకుంది. లోపలినుంచి అవ్వ, "రొట్టె చల్లారితే తోలయితాది, ఎవురన్నా రాండి!" అని కేక వేసింది. అవ్వ కొడుకు నీళ్ళు తేవడానికి పోయి ఉన్నాడు. ఖాలా నా వైపు చూసింది. "అవ్వ ఒగ్గతే ఉండాది మే" అంది. నేను 'పితకడం' అనే మాట కింద గీత గీస్తున్నాను. తల ఎత్తకుండా "ఊఁ" అన్నాను.

ఆమె కొంగు నా మోచేతిని రాసుకుంటూ పోయింది. అంత దగ్గరగా.

అమ్మను అడిగాను, నువ్వన్నా చూడలేదా అని. "లోపల అవ్వతోపాటు తింటాండాదేమో అనుకున్యా" అంది అమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. అవ్వ ఏమనుకుందో! వసారాలో తినే వచ్చి సాయం చేస్తోంది అనుకుని ఉంటుంది.

ఖాలా నన్ను ఒక్క మాట అనలేదు. పైగా నా మాట నేను నిలబెట్టుకున్నట్టు కూతురికి చెప్పి పోయింది. లేని పాలు పొంగుతున్నాయని ఆ ఫ్రెంచి మేడంకు చెప్పినట్టే. నాకు మాటలు నేర్పిన మనిషికి నేను చేయాల్సింది రాయడం కాదు, ఒక గుడ్డ కొస పట్టుకోవడం. ఆపాకు ఈ సంగతి నేనింకా చెప్పలేదు. ఇది చదివి తెలుసుకుంటుంది.

ఆ ఫ్రాన్సు వ్యాసం తెలుగు చేయడం మూడో వాక్యం దగ్గరే ఆగి ఉంది. మూట బల్ల మీదే ఉంది. రోజూ అన్నం వేళకు దాన్ని విప్పాలనుకుంటాను, చెయ్యి ముడి దాకా వెళ్తుంది. లోపలికి దోపిన కొసల్లో ఒకదాని అంచు కొంచెం బయటికి కనిపిస్తుంది. పళ్ళతో పట్టి లాగిన చోట గుడ్డ ఇంకా చిన్నగా నలిగే ఉంది.